వడి నీళ్లలో అడుగుకు దిగే ఫ్లై లైన్: గోదావరి మీద ఏది పనికొస్తుంది

ముందే తేల్చి చెప్పేద్దాం. మంథని నుంచి మంగపేట దాకా గోదావరి మీద ఫ్లై రాడ్ (ఈకలు, వెంట్రుకలతో కట్టిన తేలికపాటి ఉత్తుత్తి ఎర ‘ఫ్లై’ని లైన్ బరువుతో విసిరే గాలం కర్ర) పట్టుకుని తిరిగేవాళ్లు మునిగే లైన్ ఒక్కటే కొనాలనుకుంటే, సింక్ టిప్ కొనండి. ముందు 24 అడుగులు మునిగే తల, దాని వెనక తేలే రన్నింగ్ లైన్ (తల వెంట సాగే సన్నటి భాగం), తల బరువు 300 గ్రెయిన్లు (లైన్ బరువును ఈ కొలతలోనే చెప్తారు) ఉండాలి. 8 నంబర్ రాడ్‌కు అది సరిగ్గా కుదురుతుంది (నంబర్ పెరిగేకొద్దీ రాడ్ మోసే లైన్ బరువు పెరుగుతుంది). మొత్తం మునిగే, వేగంగా దిగే టైప్ 6 లైన్‌ది రెండో స్థానం, అదీ పడవ దొరికేవాళ్లకే. టీ-14 అనే బరువైన మునిగే లైన్ చుట్ట తెచ్చి ముక్కలు కోసి వాడుకుంటే తక్కువ పైసల్లో అన్నిటికన్నా లోతుకు పోతుంది గానీ, కాస్టింగ్‌లో, అంటే లైన్ విసరడంలో, చెయ్యి తిరగనివాళ్లకు అది వద్దు.

పాకాల, రామప్ప, లక్నవరం లాంటి చెరువులు మాత్రమే చూసేవాళ్లకు ఈ మూడూ దండగే. నిలిచిన నీళ్లలో తేలే లైన్ చాలు, మరీ కావాలంటే నెమ్మదిగా దిగే ఇంటర్మీడియట్. ఇక్కడ మాట్లాడేది పారే నీళ్ల గురించి, అందులోనూ 2 మీటర్లు దాటిన మడుగుల గురించి. ప్రాణహిత వచ్చి కలిశాక కాళేశ్వరం దిగువన గోదావరి స్వభావమే మారిపోతుంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ ఏడో బ్లాకు పిల్లర్లు కుంగాక గేట్లు ఎత్తేసి నీళ్లు నిలపడం ఆపేశారు. అంతకుముందు చెరువులా ఉన్న పట్టులో నీళ్లు మళ్లీ పాయలుగా పారడం మొదలైంది. నిలిచిన నీళ్లకని కొన్న లైన్లు అక్కడ పైపైనే తేలిపోతాయి.

అలా ఎందుకు తేలిపోతాయో తెలిస్తే డబ్బా మీది అంకెలు సరిగ్గా చదవొచ్చు. మామూలు గాలంలో బరువంతా సీసం గుండుది, నైలాన్ దారం దాని వెంట పోతుంది. ఫ్లై రాడ్‌లో విసిరే బరువు లైన్‌దే, ఫ్లైకి చెప్పుకోదగ్గ బరువుండదు. కాబట్టి అడుగుకు దిగాల్సింది కూడా లైనే. తేలే లైన్‌కు 10 అడుగుల లీడర్ (లైన్‌కూ ఫ్లైకీ మధ్య కట్టే నైలాన్ ముక్క), బరువుకు సీసం పూసలు కళ్లలా పెట్టిన ఫ్లై కట్టి వడి నీళ్లలో వేసి చూడండి. పై నీళ్లు లైన్‌ను లాక్కెళ్తుంటే ఫ్లై రెండడుగుల లోతు కూడా అందుకోదు. వాలుగ, ముల్లుజెల్ల అడుగున, బండ చాటున, ఇసుక మేట దిగిపోయే అంచున ఉంటాయి. అంత పైకి వచ్చి అందుకోవాల్సిన పని వాటికి లేదు.

మునిగే లైన్ అంటే లోపల అల్లిన నైలాన్ దారమో, ఒంటి నైలాన్ తీగో ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్ పూత, ఆ పూతలో టంగ్‌స్టన్ పొడి. టంగ్‌స్టన్ సాంద్రత నీటికి 19 రెట్లు, సీసానిది 11 రెట్లు మాత్రమే. అందుకే లైన్‌ను లావు చేయకుండానే బరువు పెంచగలిగారు. ఇక్కడ సన్నదనం బరువంత ముఖ్యం. ఒకే బరువున్న రెండు లైన్లలో సన్నదానికి నీటి ఒరిపిడి తక్కువ, అదే ముందు దిగుతుంది. దుకాణంవాడు గ్రెయిన్లు ఎక్కువున్నదే లోతుకు పోతుందని చెప్తే నమ్మకండి. గ్రెయిన్ల లెక్క రాడ్ ఎంత బరువు మోయగలదో చూసుకోవడానికి. లోతు లెక్కకు అడుగుకు ఎన్ని గ్రెయిన్లో, సెకనుకు ఎన్ని అంగుళాలు దిగుతుందో చూడాలి.

గ్రెయిన్ అంటే 0.065 గ్రాములు. ప్రామాణికంగా 8 నంబర్ లైన్ మొదటి 30 అడుగులు 210 గ్రెయిన్లు, అంటే 13.6 గ్రాములు తూగాలి. 9 నంబర్‌కు 240, 10 నంబర్‌కు 280. 300 గ్రెయిన్ల తల 8 నంబర్ రాడ్‌కు ఎక్కువ కాదా అన్న అనుమానం సహజం. కాగితం మీద ఎక్కువే. కానీ ఈ తలను గాలిలో ముందుకూ వెనక్కూ పదిసార్లు ఊపరు, ఒక్క వెనక ఊపుతో వదిలేస్తారు. సన్నగా ఉండటంతో గాలి ఒరిపిడి కూడా తక్కువే. ఈ కాలపు 8 నంబర్ రాడ్లు ఈ బరువును మోస్తాయి. మెత్తటి పాత రాడ్ అయితే 250కి దిగండి. 9 నంబర్‌కు 350 దాకా పోవచ్చు.

ఇక డబ్బా మీది సింక్ రేటు, అంటే దిగే వేగం. టైప్ 3 అంటే సెకనుకు 3 అంగుళాల చుట్టుపక్కల, టైప్ 6 అంటే 6 నుంచి 7, టీ-14 అయితే 8 నుంచి 9. ఈ అంకెలన్నీ కదలని నీళ్లకు వేసినవి. గోదావరికి తెచ్చినప్పుడు లెక్క ఇలా మారుతుంది. నీటి వడి సెకనుకు 1 మీటరు, మడుగు లోతు 3 మీటర్లు అనుకుందాం. టైప్ 6 సెకనుకు 15 సెంటీమీటర్లు దిగుతుంది, అడుగు తాకడానికి 20 సెకన్లు. ఆ 20 సెకన్లలో నీళ్లు లైన్‌ను 20 మీటర్లు కిందికి మోసుకుపోతాయి. టైప్ 3కి 40 సెకన్లు, 40 మీటర్లు, అప్పటికి మడుగే దాటిపోతుంది. టీ-14కు 14 సెకన్లు చాలు. అదీ లైన్ బిగుసుకోకుండా నీళ్లతో పాటు స్వేచ్ఛగా పోతే. నదికి అడ్డంగా, తిన్నగా విసిరి ఊరుకుంటే నాలుగైదు సెకన్లలో లైన్ బిగుస్తుంది, ఆ క్షణం నుంచి దిగడం ఆగి పైకి లేవడం మొదలవుతుంది. అప్పటికి దిగిన లోతు 75 సెంటీమీటర్లు. లైన్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

వడి కొలవడానికి పరికరం అక్కర్లేదు. ఒడ్డున 10 మీటర్లు అడుగులతో కొలిచి, పై కొసన ఎండు కర్రముక్క వేసి, కింది కొసకు వచ్చేదాకా సెకన్లు లెక్కపెట్టండి. 10 సెకన్లు పడితే సెకనుకు 1 మీటరు. 7 సెకన్లకే వచ్చేస్తే 300 గ్రెయిన్లతో 3 మీటర్ల అడుగు అందదు. ఆ చోటు వదిలేసి వడి తగ్గే మడుగు తోకకు పోండి. ఒక సంగతి మనకు కలిసొస్తుంది. నీళ్లు పైన ఉన్నంత వడిగా అడుగున ఉండవు, ఇసుక, రాళ్ల ఒరిపిడికి అక్కడ మందగిస్తాయి. ఒక్కసారి ఆ మంద పొరలోకి దిగిన తల అక్కడ నిలకడగా ఉంటుంది. కష్టమంతా పై పొర దాటించడంలోనే.

సింక్ టిప్‌కు మొదటి స్థానం ఇచ్చింది ఇందుకే. దీని రన్నింగ్ లైన్ నీటి మీద తేలుతూ కంటికి కనిపిస్తుంది. తల పడగానే రాడ్ కొస ఎత్తి, ఆ తేలే భాగాన్ని గుండ్రంగా ఎగువకు తిప్పి పడేయొచ్చు. మెండింగ్ అనేది దీన్నే. ఒకసారి మెండ్ చేస్తే ఐదారు సెకన్లు కలిసొస్తాయి. వరసగా రెండు చేసి, చేతిలో ఉన్న లైన్ మూడు నాలుగు మీటర్లు వదిలితే తల నిటారుగా కిందికి పోతుంది. విసరాల్సింది అడ్డంగా కాదు, ఎగువకు ఏటవాలుగా. మీకు తిన్నగా ఎదురుగా వచ్చేసరికి ఫ్లై సగం లోతులో ఉండాలి, దాటి కిందికి పోతున్నప్పుడు అడుగు తాకాలి. ఇసుక మీద తాకితే లైన్‌లో చిన్న గరగర తెలుస్తుంది, బండ తాకితే టక్కుమంటుంది. రెండూ తెలియకపోతే తల ఇంకా పైనే ఉన్నట్టు. వచ్చేసారి నాలుగడుగులు ఎగువకు జరిగి వేయండి.

దీని లోపమూ ఆ తేలే భాగమే. మెండ్ చేయడం మరిచిపోతే పై నీళ్లు దాన్ని విల్లులా వంచి, కింద ఉన్న తలను పైకి లాగేస్తాయి. వాలుగ పట్టినా ఆ వంపు అంతా బిగిసేదాకా చేతికి తెలియదు, ఆలోపు అది ఉమ్మేస్తుంది. రాడ్ ఎత్తి కొడితే వంపు సర్దుకుంటుందే తప్ప ముల్లు దిగదు. రాడ్ కొసను నీటి మీదికి దించి ఉంచి, ఎడమ చేత్తో లైన్‌ను ఒక్క గుంజు గుంజాలి.

టైప్ 6 పూర్తి మునక లైన్‌లో ఈ వంపు గొడవ తక్కువ, ఎందుకంటే లైన్ మొత్తం మంద పొరలోకి పోతుంది. ఒకసారి దిగిందంటే సింక్ టిప్ కన్నా ఎక్కువసేపు అడుగున ఉంటుంది, చేప తాకిడి కూడా నేరుగా చేతికి వస్తుంది. కానీ మునిగాక మెండ్ చేయలేరు, అంటే ఒడ్డు నుంచి వేసినప్పుడు మొదటి ఐదు సెకన్ల తర్వాత చేయగలిగేది ఏమీ ఉండదు. ఒడ్డు పక్కన రాళ్లుంటే రన్నింగ్ లైన్ కూడా వాటి సందుల్లోకి దిగి ఇరుక్కుంటుంది. లంగరు వేసిన పడవలోంచి ఎగువకు వేసి, నీళ్లు కిందికి తెస్తుంటే వదులు మాత్రం తీసుకుంటూ ఉంటే దీన్ని మించింది లేదు. ఎల్లంపల్లి లాంటి నిలువ నీళ్ల లోతులకూ ఇదే మేలు.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. పాత పద్ధతి మునక లైన్లలో నడుమ లావు, కొస సన్నం. లావుగా ఉన్నచోట బరువెక్కువ కాబట్టి నడుము ముందు దిగి, కొసా ఫ్లై వెనకపడతాయి. లైన్ ఉయ్యాలలా వేలాడుతుంది, మీరు లాగిన లాగుడులో సగం ఆ వేలాడే భాగమే మింగేస్తుంది. డెన్సిటీ కాంపెన్సేటెడ్ అనో, యూనిఫాం సింక్ అనో రాసి ఉంటే కొసలో టంగ్‌స్టన్ ఎక్కువ కలిపి ఆ తేడా సరిచేశారని అర్థం. ఆ మాట డబ్బా మీద లేని టైప్ 6 ఎంత చవకైనా తీసుకోవద్దు.

టీ-14 సంగతి వేరు. ఇది తయారైన లైన్ కాదు, అడుగుకు 14 గ్రెయిన్ల చొప్పున బరువున్న సరుకు. చుట్టగా కొని కావలసినంత కోసుకోవాలి. దీని తోబుట్టువులు టీ-8, టీ-11, టీ-17 కూడా దొరుకుతాయి, అంకె అంటే అడుగుకు గ్రెయిన్లే. 15 అడుగుల టీ-14 ముక్క సరిగ్గా 210 గ్రెయిన్లు. 30 అడుగులు అయితే 420, అది 8 నంబర్ రాడ్‌కు మోయలేని భారం, 10 నంబర్ ఉండాల్సిందే. ముక్కను రన్నింగ్ లైన్‌కు తగిలించే లూప్ కట్టడం ఇలా: కొసను ఒకటిన్నర అంగుళం వెనక్కి మడవండి. 20 పౌండ్ల నైలాన్‌తో ఆ మడత మీద మూడు నెయిల్ నాట్లు (దారాన్ని చుట్లు చుట్టి బిగించే ముళ్లు) పక్కపక్కన బిగించండి. దారపు కొసలు మొదలంటా కోసి, ఎండినా వంగే రకం జిగురు పూయండి. గట్టిగా గాజులా ఎండే జిగురు వద్దు, నాలుగు కాస్టులకు పెళుసై లూప్ మొదట్లోనే పూత విరుగుతుంది.

టీ-14 అడుగుకు పోవడంలో లోటు లేదు. ఇబ్బంది గాలిలో. మొదలు నుంచి కొస దాకా ఒకే లావు కాబట్టి గాలిలో లైన్ వంపు సాఫీగా విచ్చుకోదు, చివర్న ఫట్టున తన్నుకుని పడుతుంది. బరువైన తల సన్నటి రన్నింగ్ లైన్‌తో కలిసేచోట మడత పడుతుంది. ఆ అతుకు రాడ్ కొస దాటి రెండు మూడు అడుగులకు మించి బయట ఉంటే కాస్ట్ అక్కడే కుప్పకూలుతుంది. అతుకు కనబడేలా దాని పక్కన రంగు దారం చుట్టుకుంటే చీకటి పడేవేళ కూడా కొలత తప్పదు.

మూడింటిలో దేన్ని వాడినా రాడ్లు విరిగేది ఒకే తప్పు వల్ల. లోతున ఉన్న లైన్‌ను తేలే లైన్‌లా నేరుగా పైకి లేపి వెనక్కి ఊపబోతారు. మీద మూడు మీటర్ల నీళ్లు, వాటి వడి, తల బరువు అన్నీ కలిసి రాడ్ కొస మీద పడతాయి. ముందు తల మొత్తం రాడ్ కొస దగ్గరికి వచ్చేదాకా లైన్ లాక్కోండి. ఒక రోల్ కాస్ట్ (వెనక్కి ఊపకుండా లైన్‌ను ముందుకు దొర్లించే విసురు) వేసి దాన్ని నీటి పైకి తెప్పించండి, బరువెక్కువైతే రెండు. లైన్ ఇంకా పైన ఉండగానే, మునిగే లోపు, రాడ్‌ను పక్కకు వాల్చి నెమ్మదిగా వెనక్కి తీసి, తల మీదుగా గుండ్రంగా ముందుకు తిప్పండి. ఆగకుండా, విరుపు లేకుండా, ఒకే ఊపు. వెనక్కి పోయే దారి, ముందుకు వచ్చే దారి వేరుగా ఉంటే టంగ్‌స్టన్ తల మీ తలకు తగలదు. టోపీ, కళ్లద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు, ముల్లుకున్న గాటును కటింగ్ ప్లేయర్‌తో నొక్కేయండి.

లీడర్ విషయంలో అలవాటు మార్చుకోక తప్పదు. తొమ్మిది అడుగుల లీడర్ కడితే లైన్ అడుగున, ఫ్లై మీటరు పైన ఉంటాయి. మూడు నాలుగు అడుగుల నైలాన్ ముక్క చాలు, సాపు చేసి సన్నం చేయాల్సిన పనీ లేదు. 16 నుంచి 20 పౌండ్లది వాడండి, అంతకు మించి వద్దు. చాలా లైన్ల లోపలి దారం 30 పౌండ్ల దగ్గర తెగుతుంది. ఇరుక్కున్నప్పుడు లీడర్ ముందు తెగాలి, లైన్ కాదు. వాలుగ పళ్లు చిన్నవే గానీ ఆకురాయిలా వరసలుగా ఉంటాయి, ఒక చేప తర్వాత కొస ఆరంగుళాలు కోసేసి మళ్లీ కట్టుకోండి. ఇరుక్కున్న లైన్‌ను చేతికి చుట్టుకుని లాగితే చర్మం కోసుకుపోతుంది. కర్రకు చుట్టి, రాడ్‌ను తిన్నగా లైన్ వైపు చూపించి వెనక్కి నడవండి.

ఫ్లైలలో చిన్న చేపలా కనిపించే క్లౌజర్ మిన్నో ఇసుక మడుగులకు సరిపోతుంది. 1/0 సైజు ముల్లు, రెండున్నర అంగుళాలు, తెలుపు మీద ఆకుపచ్చ. దానికి తేలికపాటి కళ్లే పెట్టండి, లోతుకు తీసుకుపోయే పని లైన్‌ది. బండల పట్టుల్లో అసలు బరువే లేని ఫ్లై మేలు. లైన్ అడుగున రాళ్లను రాసుకుంటూ పోతే, ఫ్లై జానెడు పైన ఆడుతూ ఇరుక్కోకుండా వస్తుంది. మేక వెంట్రుకతో కట్టినవి బాగానే పనిచేస్తున్నాయి.

మన ఎండల గురించి డబ్బా మీద ఎవరూ రాయరు. మునిగే లైన్లలో ఎక్కువ భాగం చల్లటి నదులకు చేసినవి. వాటి పూత ఏప్రిల్ ఎండకు మెత్తబడి, గైడ్లకు (రాడ్ మీది రింగులకు) అంటుకుంటూ, పాకంలా సాగుతుంది. ట్రాపికల్ అని రాసినవి గట్టి లోపలి దారంతో, గట్టి పూతతో వస్తాయి, మనకు అవే కావాలి. చలికాలం పొద్దున ఆదిలాబాద్ వైపు పోతే ఆ గట్టిదనం వల్లే లైన్ రీల్ నుంచి చుట్టలు చుట్టలుగా బయటికి వస్తుంది. మొదలుపెట్టే ముందు చెట్టుకు కట్టి రెండు నిమిషాలు సాగదీస్తే సరిపోతుంది. దోమల మందు పూసుకున్న చేతులతో లైన్ ముట్టుకోకండి, డీట్ ఉన్న మందులు పూతను తినేస్తాయి. పడవలో పెట్రోల్ మరక కూడా అంతే. అన్నిటికన్నా పెద్ద శత్రువు గోదావరి ఇసుక. లాగిన రన్నింగ్ లైన్‌ను ఇసుక మీద వదిలితే రేణువులు పూతలో దిగి గైడ్లను ఆకురాయిలా అరగదీస్తాయి. నడుముకు కట్టుకునే ప్లాస్టిక్ టబ్ ఒకటి పెట్టుకోండి, చిక్కులూ పడవు.

ధర దగ్గర కొంచెం గుండె దిటవు చేసుకోవాలి. మంచి లైన్ అమెరికాలోనే 60 నుంచి 130 డాలర్లు, దాని మీద కస్టమ్స్ సుంకం, కొరియర్. హన్మకొండలో గాలాల దుకాణానికి పోతే నైలాన్ దారం, సీసం గుండ్లు, బెండ్లు దొరుకుతాయి తప్ప ఈ సరుకును నమ్ముకోలేం, ఆన్‌లైన్ తప్పదు. ఇంటికి కూరకు చేప కావాలనుకునేవాళ్లకు నిజాయితీగా చెప్పాలంటే, ఈ మూడు లైన్లూ కలిపినా ఒక సీసం గుండు, బతికున్న ఎర కట్టిన చేతి గాలానికి సాటిరావు. ఇది ఫ్లైతోనే పట్టాలన్న పట్టుదల ఉన్నవాళ్ల ఖర్చు. వాలుగ ఇప్పుడు ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం) ముప్పు జాబితాలో ఉంది, పట్టినదాన్ని నీళ్లలోనే ఉంచి ముల్లు తీసి వదిలేయడమే పద్ధతి.

కాలం సంగతి ఒక్క మాట: జూలై నుంచి అక్టోబరు దాకా ఎర్రనీళ్లు, ఏ లైనూ పనికిరాదు, పైగా గుడ్లు పెట్టే కాలం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేయండి. ఏటూరునాగారం, ప్రాణహిత అభయారణ్యాల పరిధిలో వేట కుదరదు. మిగతాచోట్ల అక్కడి మత్స్య సహకార సంఘాన్ని అడిగి దిగండి. మంథని దగ్గర శివారం పట్టులో మొసళ్లున్నాయి. అదీ అభయారణ్యమే, అక్కడ మోకాలి లోతు నీళ్లలో కూడా నిలబడొద్దు. బ్యారేజీల దిగువన గేట్లు ఎత్తితే నీళ్లు నిమిషాల్లో పెరుగుతాయి. ఇసుక మేట మీద నిలబడి వేసేటప్పుడు మీకూ ఒడ్డుకూ మధ్య పాయ లేకుండా చూసుకోండి, లైఫ్ జాకెట్ వేసుకోండి.

ఇంటికొచ్చాక లైన్‌ను గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల షాంపూ వేసి, గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టండి. రీల్ మీద తడిగా, బిగుతుగా వదిలేసి కారు డిక్కీలో పెడితే ఒక్క వేసవికే పూత పగుళ్లిస్తుంది. లూప్ మొదట్లో ఆ పగుళ్లు ముందు కనిపిస్తాయి. కనిపించగానే రెండంగుళాలు కోసి, పైన చెప్పిన మూడు నెయిల్ నాట్ల పద్ధతిలో కొత్త లూప్ కట్టుకుంటే ఆ లైన్ ఇంకో సీజన్ నడుస్తుంది.